ఆకు కోస్తే కలుపు చస్తుందా?

పై వీడియోలో కనిపిస్తున్న తుంగ మా టమాటా మడిలోది. నిరుడు ఇదే మడిలో ఇద్దరు కూలీలను పెట్టి నేలబారుగా కోయించాను. పది రోజులు తిరక్కముందే మళ్లీ పచ్చగా లేచింది. కూలి డబ్బులు మట్టిపాలు. కోతతో లాభం లేదని అప్పుడు అనుకున్నా. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. ఒక్కసారి కోసి వదిలేయడమే నేను చేసిన తప్పు.

మొక్కకు తిండి వండేది ఆకు. అది పోతే, దాచుకున్న తిండి తీసి కొత్త ఆకు వేసుకుంటుంది. తుంగకు ఆ గాదె భూమిలో ఉన్న గడ్డ. కొత్త ఆకు ఎదిగేదాకా గడ్డలోంచి ఖర్చే; తర్వాతే తిరిగి నింపుకుంటుంది. మొలిచిన మూడు నాలుగు వారాల్లో కొత్త గడ్డలు కూడా కడుతుంది. మనం నెలకోసారి కోస్తే అప్పటికే గాదె నిండిపోతుంది. అందుకే ఈసారి పది పన్నెండు రోజులకోసారి కోస్తున్నా. సాళ్ల మధ్య అలసంద వేశాను, తుంగకు నీడ గిట్టదు. వరిగడ్డి ఒక్కటే పరిస్తే చీల్చుకుని వచ్చేస్తుంది. పూర్తిగా పోయిందని చెప్పను గానీ, ఐదు కోతలకు ఆకు సన్నబడింది, కంకులు తగ్గాయి.

వయ్యారిభామ లెక్క వేరు. దానికి గడ్డ లేదు, బలమంతా విత్తనంలోనే. ఒక్క మొక్క వేలల్లో రాలుస్తుంది. పూత చూశాక గట్టు మీద మిషన్‌తో కొడితే, మొదలు దగ్గర పిలకలు వేసి పొట్టిగానే మళ్లీ పూస్తుంది. మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలిన పెంకు పురుగు దీని ఆకులే తింటుంది. వానాకాలంలో లేత మొక్కల మీద పడితే పూత బాగా తగ్గుతుంది. పూశాక ఆకు తిన్నా విత్తనం పెద్దగా ఆగదు. మన కోతకీ అదే లెక్క. అసలు దీన్ని కోయడం కంటే, వాన పడ్డాక పూతకు ముందే వేళ్లతో పీకడం మేలు. చేతులకు తొడుగులు మాత్రం మర్చిపోకండి, ఒళ్లు దద్దుర్లు వస్తాయి.

కలుపు మందు లేకపోతే కుదరదనే వాళ్లు ముందు ఒక చిన్న మడిలో ఇలా చేసి చూడండి. కోత తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి, మేమూ అదే చేస్తున్నాం. పంట అయ్యాక ఈ మడి తవ్వి, తుంగ గడ్డలు ఎన్ని మిగిలాయో వీడియోలో చూపిస్తాను.