ఖబర్ లేదంటే ఖైరియత్ అని కాదు

మా సిరికొండ వైపు, ఆ మాటకొస్తే నిజామాబాద్ జిల్లా అంతటా, గల్ఫ్‌లో మనిషి ఉన్న ఖాందాన్లకు కొదవ లేదు. ఇప్పుడు అలాంటి ఇళ్లలోకి కొత్త పహరేదార్లు వచ్చాయి. గేటు మీద కెమెరా, తలుపుకి సెన్సర్, ఫోన్‌తో వెలిగే బల్బు, బోరు మోటారుకి సిమ్ వేసిన స్టార్టర్. దమ్మామ్‌లో డ్యూటీ చేసే కొడుకు ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మీని ఫోన్లో చూసుకుని ఇత్మినాన్‌గా పడుకుంటాడు. ఇది మంచి ఫాయిదానే, నేను కాదనను.

కానీ అర్ధరాత్రి తెర మీద 'ఆఫ్‌లైన్' అని పడిందనుకోండి. మాట ఒక్కటే, దానికి మత్లబులు ఎన్నో. ఊళ్లో కరెంటు పోయి ఉండొచ్చు. రౌటర్ ఆగి ఉండొచ్చు. పిల్లలు గోడ స్విచ్ ఆర్పితే స్మార్ట్ బల్బు కూడా ఆఫ్‌లైనే. సెన్సర్‌లో సెల్లు అయిపోయి ఉండొచ్చు. నిజంగా ఏదో ముసీబత్ కూడా కావచ్చు. పరదేశంలో ఉన్నవాడికి ఇవన్నీ ఒకేలా కనబడతాయి, పరేషాన్ కూడా ఒకేలా అవుతాడు.

నా ఉద్దేశం సాఫ్‌గా చెప్తాను. మషీన్ జవాబు ఇవ్వనప్పుడు 'నాకు తెలియదు' అనడమే సాఫ్ట్‌వేర్ ఈమాన్‌దారీ. తలుపు సెన్సర్ రాత్రి 9 గంటలకు 'మూసి ఉంది' అని చెప్పి మూగబోయింది. తెల్లారి కూడా యాప్ 'మూసి ఉంది' అనే చూపిస్తే అది ఝూట్. 'రాత్రి 9కి మూసి ఉండింది, ఆ తర్వాత ఖబర్ లేదు' అనాలి. రెండింటికీ జమీన్-ఆస్మాన్ ఫరఖ్ ఉంది.

ఇదేమీ కుదరని పని కాదు. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు చమురు పైపులైన్ల మీద నిఘాకోసం ఎంక్యూటీటీ అనే పద్ధతి తయారుచేశారు. అందులో మషీన్ కనెక్ట్ అయ్యేటప్పుడే ఒక వసియ్యత్ రాసి పెట్టుకోవచ్చు: 'నేను చెప్పకుండా మాయమైతే అందరికీ ఈ మాట చెప్పు' అని. తయ్ చేసుకున్న వ్యవధికి ఒకటిన్నర రెట్లు గడిచినా దాని నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, మధ్యలో ఉన్న సర్వర్ ఆ వసియ్యత్‌ని చదివి వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లోనూ దాని పేరు వీలునామానే.

2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 'దొరకడం లేదు' అన్నదాన్ని, 'దొరికింది గానీ ఇంకా ఏమీ చెప్పలేదు' అన్నదాన్ని వేర్వేరుగా చూపిస్తుంది. దానితో కలిపి వాడే జిగ్‌బీ2ఎంక్యూటీటీలో హాజరీ చూసే సెట్టింగ్ ఆన్ చేస్తే, కరెంటు మీద నడిచే మషీన్‌కి 10 నిమిషాల గడువు ఇస్తుంది, సెల్లు మీద నడిచేదానికి 25 గంటలు. ఎందుకంటే సెల్లు సెన్సర్ ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది. నిద్రపోయినవాణ్ణి మయ్యత్ అనకూడదు కదా.

మన ఊళ్లలో అసలు తకలీఫ్ కరెంటు తిరిగొచ్చినప్పుడు. తలుపు పగలంతా తెరిచే ఉంది. కరెంటు పోయింది, వచ్చింది, సెన్సర్ మళ్లీ 'తెరిచి ఉంది' అంటుంది. నియమం సరిగా రాయకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని కొత్తగా తెరుచుకున్నట్టు లెక్కేసి దమ్మామ్‌కి హెచ్చరిక పంపుతుంది. 'మూసి ఉన్నది తెరుచుకుంటేనే చెప్పు' అని రాయించుకోవాలి. చాలా బల్బులు కరెంటు రాగానే వాటంతటవే వెలుగుతాయి. ఆ సెట్టింగ్ కూడా మార్చుకోవాలి. ఇంట్లో అన్నీ ఒకేసారి మాయమైతే పది హెచ్చరికలు వద్దు, 'ఇంటితో సంబంధం తెగింది' అని ఒక్కటి చాలు.

ఇంకో ఫికర్ ఉంది. కొన్ని మషీన్లు ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌ని అడగనిదే పని చేయవు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ ముందుగా చెప్పకుండా సర్వర్లు ఆపేసింది. గోడల్లో సామాను బాగానే ఉంది, యాప్ మాత్రం మూగబోయింది. తర్వాత ఆ సామాను వాడేవాళ్లే కొందరు కలిసి కంపెనీని కొని నడిపించారు. బోధన్ షక్కర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు రైతు పడ్డ కష్టం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పంట మన చేతిలో, గానుగ వేరేవాడి చేతిలో. అందుకే ఇంటర్నెట్ లేకున్నా ఇంటి లోపలే నడిచే సామానే కొనండి. గోడ మీద మామూలు స్విచ్ ఎప్పుడూ పని చేయాలి. అమ్మీకి లైటు వేసుకోవడానికి కొడుకు ఇజాజత్ అవసరం రాకూడదు.

సెలవు మీద ఇంటికి వచ్చిన తమ్ముళ్లకు ఒక మాట. మషీన్ బిగించి వెళ్లేముందు ఒక సాయంత్రం రౌటర్ ప్లగ్ పీకి చూడండి. ఏది ఆగిందో, ఏది నడుస్తోందో, ఫోన్ ఏమని చెప్తోందో రాసుకోండి. తర్వాత మెయిన్ ఆపి మళ్లీ వేసి చూడండి. ఆఫ్‌లైన్ కనబడిన రాత్రి ఎవరి తలుపు తట్టమనాలో, ఆ పడోసీ నంబరు అదే కాగితం కింద రాసి పెట్టుకోండి. కెమెరా చూడగలదు గానీ, లేచి వెళ్లి అమ్మీని పలకరించేది మనిషే.