వగరుకు పుట్టినిల్లు

“ఇదేంటి బావా, పచ్చి వక్క నమిలినట్టుంది!” అంటూ బావగారు గ్లాసు పక్కన పెట్టేశారు. ఇటలీ నుంచి లండన్ దాకా సూట్‌కేసులో స్వెటర్ల మధ్య పసిపిల్లలా చుట్టి తెచ్చిన సీసా అది. పైగా దాని మీద అప్పటికే పావుగంట ఉపన్యాసం దంచి ఉన్నాను. బల్ల మీద టొమాటో పప్పు, గుత్తివంకాయ, ఆవకాయ. పులుపూ కారమూ వగరును ఇంకా రెచ్చగొడతాయన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఆ వైన్ మోంటెఫాల్కో సాగ్రాంటినో. మొదటిది ఊరి పేరు, రెండోది ద్రాక్ష పేరు. ప్రపంచంలో అత్యంత వగరైన ద్రాక్షల్లో సాగ్రాంటినో ఒకటి.

చక్కెర మిగలని వైన్‌ని ఇంగ్లీషులో ‘డ్రై’ అంటారు. నోరు ఎండగట్టేది కూడా అదేననుకుని చాలామంది తికమకపడతారు. మనకా ఇబ్బంది లేదు, వగరు అంటే చాలు. ద్రాక్ష తోలులో, గింజలో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటాయి. నాలుక మీది జారుడు పోతుంది, బుగ్గలు లోపలికి లాగినట్టవుతుంది. అందుకే వగరు రుచి కాదు, స్పర్శ అంటారు శాస్త్రజ్ఞుల్లో చాలామంది. షడ్రుచుల లెక్క కట్టిన మన పెద్దలు ఒప్పుకోరనుకోండి.

మోంటెఫాల్కో మధ్య ఇటలీలో, ఉంబ్రియా ప్రాంతంలో, కొండ మీద ప్రాకారం కట్టుకుని కూర్చున్న చిన్న ఊరు. చుట్టూ లోయంతా కనిపిస్తుంది కాబట్టి దాన్ని ‘ఉంబ్రియా పిట్టగోడ’ అంటారు. అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో బెనోజ్జో గొజ్జోలి 1452లో పూర్తిచేసిన కుడ్యచిత్రాలున్నాయి. నేను వెళ్లింది వాటి కోసమే. ద్రాక్ష దారిలో తగిలింది.

ఈ వగరు ద్రాక్షతో అక్కడివాళ్లు తరతరాలుగా చేసుకున్నది తియ్యటి వైన్. కోసిన గుత్తుల్ని తడికెల మీద పరిచి రెండు నెలలకు తక్కువ కాకుండా వాడబెడతారు. నీరు ఇగిరిపోతే తీపి చిక్కబడుతుంది. ఆ తీపినంతా ఈస్టు తినలేక మధ్యలో చేతులెత్తేస్తుంది, మిగిలిన చక్కెర వైన్‌లోనే ఉండిపోతుంది. దాన్ని పస్సిటో అంటారు, వాడబెట్టినది అని అర్థం. ఈస్టరు పండక్కి గొర్రెపిల్ల మాంసంతో అది తాగడం అక్కడి ఆనవాయితీ. తీపి మీద మోజుతోనే అలా చేసేవారని నేననుకోను. నేరేడుపండు తిన్నవాళ్లకు చెప్పక్కర్లేదు కదా, వగరు పక్కన తీపి ఉంటేనే రెండో పండు మీదికి చెయ్యి పోతుంది.

1960ల నాటికి ఈ ద్రాక్ష దాదాపు అంతరించింది. పల్లెల్లో సేద్యం వదిలేసి జనం పట్నాలకు పోతున్న కాలం. తక్కువ కాసి, ఎక్కువ చాకిరీ చేయించుకునే తీగ ఎవరికి కావాలి? 1971లో ఆర్నాల్డో కాప్రాయి అనే జౌళి వ్యాపారి అక్కడ తోట కొన్నాడు. తర్వాత ఆయన కొడుకు మార్కో మిలాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులతో కలిసి ఈ తీగ రకాల్ని ఏళ్ల తరబడి పరీక్షించాడు. మరికొన్ని కుటుంబాలూ పట్టు వదల్లేదు. 1979లో ప్రభుత్వ గుర్తింపు, 1992లో ఇటలీలో అత్యున్నతమైన డీఓసీజీ హోదా వచ్చాయి.

అయితే ఈ పేరంతా తెచ్చింది ఎక్కువగా తీపి లేని రకం. అది 1970ల నుంచే ఊపందుకుంది. పస్సిటో ఇప్పుడు ఉత్పత్తిలో చిన్న వాటా. సంప్రదాయం అని మనకు అమ్మేది మన వయసుదే అన్నమాట! అలాగని తప్పుపట్టలేను. అది అమ్ముడుపోబట్టే తీగ బతికింది. నా గొడవల్లా వగరును తగ్గించి, మొదటి గుక్కకే మెత్తగా ఉండేలా చెయ్యమనే బేరగాళ్లతోనే. వగరు తీసేస్తే ఆ గ్లాసులో సాగ్రాంటినో ఏం మిగులుతుంది? అమ్మకానికి ముందే సుమారు మూడేళ్లు ఆపాలని నిబంధన ఉంది. నిజానికి పదేళ్లు ఆగినా తొందరే. నేను నాలుగేళ్లదాన్ని పప్పుతో పెట్టాను!

మొన్న ఉగాదికి బావగారు మళ్లీ వచ్చారు. ఈసారి వేటమాంసం వండి, చిన్న గ్లాసుల్లో పస్సిటో పోశాను. వాసన చూసి, అనుమానంగా ఒక గుక్క తాగి, “నేరేడుపండు!” అన్నారు. రెండో గ్లాసు తనే పోసుకున్నారు. తర్వాత, “ఆ పచ్చి వక్క సీసా ఇంకోటి ఉండాలి కదా, ఏం చేశావ్?” అని అడిగారు.

మెట్ల కింద పడుకోబెట్టి ఉంది. దాని మీద మార్కరుతో 2032 అని రాశాను. ఈయనగారి చూపు చూస్తే అందాకా ఉంచనిచ్చేట్టు లేరు.