కదలని దాత

గోనెగండ్ల వైపు పాత మిద్దెల గోడలు మహా మందం. రాయీ మట్టీ కలిపి కట్టినవి. కర్నూలు ఎండను గుమ్మం దగ్గరే నిలేస్తాయి. కాకపోతే వాటికి ఎండకూ వైఫైకీ తేడా తెలియదు. పడసాలలోని రూటర్ నుంచి బయల్దేరిన సిగ్నల్ రెండు గోడలు దాటేసరికి డస్సిపోతుంది. లోపలి గదిలో ఎప్పుడో కొన్న డెస్క్‌టాప్ ఉంటుంది. దానికి వైఫై కార్డు లేదు, వెనకాల కేబుల్ గుచ్చే చోటు మాత్రం ఉంది.

ఇలాంటి ఇళ్లలో చదువుకునే పిల్లలు ఓ ఉపాయం చేస్తారు. సిగ్నల్ అందేచోట ఓ ల్యాప్‌టాప్ పెట్టి, అది పట్టుకున్న నెట్‌ను లాన్ కేబుల్‌తో లోపలి డెస్క్‌టాప్‌కు పంపుతారు. విండోస్‌లో ఈ సదుపాయం 1999లో వచ్చిన విండోస్ 98 రెండో ఎడిషన్ నుంచీ ఉంది. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోనే ఆ పని చేస్తుంది. వైరుతో కంప్యూటర్‌కు తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే చాలు. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల పుణ్యమా అని చాలా ఇళ్లు ఈ విద్య నేర్చుకున్నాయి. రూటర్ నుంచే నేరుగా కేబుల్ లాగొచ్చు కదా అంటారా? లాగొచ్చు, వంద మీటర్ల దాకా పనిచేస్తుంది. ఆ గోడకు రంధ్రం వేసేదెవరు?

అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. ల్యాప్‌టాప్ మూత వేస్తే అది నిద్రపోతుంది, దాంతోపాటే లోపలి గదిలో నెట్టూ పోతుంది. "రేయ్, మూత ఎయ్యొద్దురా, అక్క పరీక్ష రాస్తాంది" అని లోపలి నుంచి కేక. ఫోనైతే మరీ ఇబ్బంది. బస్టాండు దాకా పోయి నలుగురితో కలిసి టీ తాగొద్దామని చెప్పులేసుకున్న పెద్దమనిషికి "నాయనా, ఫోను ఈడే పెట్టిపో" అని వినిపిస్తుంది. ఫోను వదిలి పోవడానికి మనసొప్పదు. మళ్లీ మంచమ్మీద కూర్చుంటాడు.

పంచేవాడు కదలకూడదన్నమాట.

ల్యాండ్‌లైన్ల రోజుల్లో వీధికో ఇంట్లో ఫోనుండేది. మిగతావాళ్లు ఆ నంబరే తమదిగా చెప్పుకొని, పక్కన పి.పి. అని రాసేవారు. బెంగళూరు నుంచి ఎవరిదో ఫోనొస్తే "పది నిమిషాలాగి చెయ్యండి, పిలుస్తాం" అని ఓ పిల్లాణ్ని పరుగెత్తించేవారు. కంప్యూటర్లు నెట్‌ను పంచుకునే తీరూ అచ్చం ఇదే. బయటికి ఇల్లంతటికీ ఒకటే చిరునామా. వచ్చింది ఎవరికో చూసి లోపల అందించే పని పంచే యంత్రానిది. ఇంటర్నెట్ పాత పద్ధతి చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లే. అవి చాలవని గ్రహించి 1994లో ఇంజినీర్లు ఈ పొదుపు మార్గం ప్రతిపాదించారు. మన వీధులకు అప్పటికే అలవాటైన పొదుపు.

ఆ ఫోనున్న ఇంటివాళ్ల అవస్థ గురించి అప్పట్లో ఎవరం పెద్దగా ఆలోచించలేదు. రాత్రి పొద్దుపోయాక ఎస్టీడీ చార్జీలు తగ్గేవి కాబట్టి ఫోన్లూ అప్పుడే మోగేవి. వాళ్లు లేచి, తలుపు తీసి, పక్కింటివాళ్లను లేపి, మాట్లాడినంతసేపూ కళ్లు నులుముకుంటూ వినీ విననట్టు కూర్చునేవారు. చావు కబురైతే వినీ విననట్టు కూర్చోవడమూ కుదిరేది కాదు. ఇంతా చేసి ఫోను బిల్లు వాళ్లదే. థ్యాంక్స్ చెప్పినవాళ్లను చూసిన గుర్తు లేదు, చెప్పించుకోవాలని వాళ్లకూ ఉన్నట్టు లేదు.

అలా పంచేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. గోనెగండ్ల ప్రాంతంలో ఇప్పటికీ సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోయే కుటుంబాలున్నాయి. గుంటూరు వైపు మిరప చేలకు అమ్మానాన్నలు పోతే, పిల్లలు అవ్వ దగ్గరుంటారు. సాయంత్రం వీడియో కాల్ చేద్దామంటే అవ్వ ఫోనులో రీచార్జి అయిపోయి ఉంటుంది. ఎదురింటి కుర్రాడు హాట్‌స్పాట్ ఆన్ చేసి, మాటలయ్యేదాకా అవ్వ వాళ్ల అరుగు మీదే కూర్చుంటాడు. అటూ ఇటూ తిరిగితే బొమ్మ ఆగిపోతుంది. తన రీల్స్ కూడా కట్టేస్తాడు.

రోజుకొచ్చే ఒకటిన్నర జీబీలో సగం అవ్వకే అయిపోతోందని వాడి వేళాకోళం. "రాసి పెట్టుకో నాయనా, నీ పెండ్లికి చదివిస్తాలే" అంటుంది అవ్వ.