గేమింగ్ ఫోన్ తర్వాత, ముందు ‘డౌన్‌వెల్’ ఆడండి

కష్టమైన షూటర్ ఆడాలంటే ఖరీదైన గేమింగ్ ఫోన్ కావాలా? అక్కర్లేదు. పర్చూరు కుర్రాళ్ల చేతుల్లో ఉండే మామూలు ఫోన్‌లోనే ‘డౌన్‌వెల్’ చుక్కలు చూపిస్తుంది. టోక్యోలో ఒపేరా గానం చదువుతూ గేమ్‌ల వైపు వచ్చిన ఒజిరో ఫుమోటో ఒక్కడే దీన్ని డిజైన్ చేసి, కోడ్ రాశాడు. 2015లో ఐఫోన్‌కి, 2016లో ఆండ్రాయిడ్‌కి వచ్చింది.

బావిలోకి పడిపోతూ, బూట్లలోంచి కిందికి కాల్చాలి. బటన్లు మూడే. నేల మీద కాలు పెడితే తూటాలు నిండుతాయి, కాంబో మాత్రం పోతుంది. శత్రువు నెత్తిన దూకితే రెండూ దక్కుతాయి. కానీ ఎర్రవాటి మీద దూకామో, దెబ్బ మనకే! ఆగాలా, ఆశపడాలా అన్నది ప్రతి సెకనూ తేల్చుకోవాల్సిందే. ఈ టెన్షన్ ఏ గ్రాఫిక్స్ చిప్ ఇస్తుంది చెప్పండి?

ఒక్కటే కంప్లైంట్. టచ్ బటన్లు వేలికి తెలియవు, హడావుడిలో బొటనవేలు పక్కకి జారిపోతుంది. దానికే 5లో అర మార్కు కోస్తా.