గాటు చిన్నదే, అవసరము ఎంత?

నడుమునొప్పి కాలిలోనికి దిగి బాధపడువారు ఇటీవల వైద్యుని యొద్దకు వచ్చునప్పుడు చేత రెండు కాగితములు పట్టుకొని వచ్చుచున్నారు. ఒకటి ఎం.ఆర్.ఐ. నివేదిక. రెండవది "పెద్ద కోత లేదు, ఉదయము చేరి సాయంత్రము నడచి ఇంటికి పొండి" అను ఆసుపత్రి ప్రకటన. కొందరి చేతిలో మూడవది కూడ ఉండును. "ఆపరేషను లేకుండ నూటికి నూరు పాళ్ళు నయము" అని మా వృత్తిలోనివారే ముద్రించినది అది. గురుసన్నిధిలో గ్రంథములు చదివి, కల్వములో మందులు నూరి ఈ వృత్తిలోనికి వచ్చినవాడను గనుక నేను మూడవ కాగితము పక్షమే వహింతునని పలువురు తలతురు. నా అభిప్రాయము వేరు. గాటు చిన్నదన్న ఆశతో శస్త్రచికిత్సకు పోరాదు. గాటన్న భయముతో దానిని మానరాదు. ముందు తేల్చుకొనవలసినది అవసరము.

శాస్త్రము చెప్పిన గృధ్రసి

పిరుదునుండి మొదలై నడుము, తొడ, మోకాలు, పిక్క, పాదము వరకు వరుసగా దిగు నొప్పిని, బిగువును, పోటును చరకుడు గృధ్రసీ వాతమనెను. సుశ్రుతుడు ఈ వ్యాధిలో కాలు చాచి ఎత్తుటకు అడ్డు కలుగునని చెప్పెను. నేటి వైద్యుడును రోగిని వెల్లకిల పరుండబెట్టి, కాలు వంచకుండ పైకెత్తి చూచుచున్నాడు. పరీక్ష ఒక్కటే.

కారణమును మాత్రము ఆధునికులు సూక్ష్మముగా చూపిరి. వెన్నుపూసల నడుమ దిండువంటి డిస్కు ఉండును. దాని అంచు గట్టినారతో అల్లినట్లుండును; లోపల మెత్తని గుజ్జు ఉండును. అంచు చిట్లి గుజ్జు వెలుపలికి వచ్చి నరమును ఒత్తినప్పుడు కాలినొప్పి పుట్టును. 1934లో అమెరికాలోని బోస్టనులో మిక్స్‌టర్, బార్ అను వైద్యులు ఈ సంగతిని స్థాపించిరి. అయితే గృధ్రసి అంతయు డిస్కు వలననే కలుగదు. వెన్నెముక క్షయ, కంతి, విరుగుట కూడ ఇట్టి నొప్పినే కలిగించును. జ్వరము, బరువు తగ్గుట, రాత్రి పరుండినను తగ్గని నొప్పి ఉన్నవారికి కారణము తెలియకుండ తైలమర్దనము చేయుట అపాయకరము.

ప్రకృతి చేయు చికిత్స

జారిన డిస్కు దానంతట అది తగ్గునా అని అందరును అడుగుదురు. పెక్కుమందికి తగ్గును. 2015లో ప్రచురితమైన ఒక సమీక్షలో, గుజ్జు అంచును చీల్చుకొని వెలుపలికి వచ్చినవారిలో నూటికి 70 మందికి, ముక్క పూర్తిగా విడిపోయినవారిలో 96 మందికి అది తగ్గినట్లు తేలినది. కొద్దిగా ఉబ్బిన డిస్కు మాత్రము 13 మందికే వెనుకకు తగ్గినది. వెలుపల పడిన ముక్కను శరీరము పరాయి వస్తువుగా గుర్తించును. రక్తకణములు దానిని క్రమముగా జీర్ణించుకొనును. కనుక నివేదికలో "పెద్దది" అని వ్రాసియున్నంత మాత్రమున బెదరిపోనక్కరలేదు.

చిత్రము వేరు, రోగి వేరు. నొప్పి ఏమియు లేనివారికి తీసిన చిత్రములను పరిశీలించిన మరియొక సమీక్ష కూడ 2015లోనే వెలువడినది. ఏబది ఏండ్ల వయస్సువారిలో నూటికి 60 మందికి డిస్కు ఉబ్బు కనబడినది. తల నెరసినట్లే డిస్కు కూడ నెరయును. నొప్పి ఏ కాలికి, ఏ వేలి వరకు దిగుచున్నదో, చిత్రములోని ఒత్తిడి ఆ నరము పైననే ఉన్నదో లేదో సరిచూడక కత్తి పట్టరాదు.

వేచియుండుట ఎంతవరకు?

హాలండులో జరిగి 2007లో ప్రచురితమైన పరిశోధన ఈ విషయమున మేలైన దారి చూపుచున్నది. ఆరు నుండి పండ్రెండు వారములుగా తీవ్రమైన కాలినొప్పితో ఉన్న 283 మందిని రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు త్వరగా శస్త్రచికిత్స. రెండవ వర్గమునకు ఔషధములు, వ్యాయామము, అవసరమైన పిమ్మట శస్త్రచికిత్స. శస్త్రచికిత్స పొందినవారికి బాధ త్వరగా తగ్గినది. సంవత్సరము గడచుసరికి ఇరువర్గములలోను నూటికి 95 మంది కోలుకొనిరి. అయితే వేచియున్నవారిలో నూటికి 39 మంది ఆ ఏడాదిలోనే శస్త్రచికిత్స చేయించుకొనవలసివచ్చినది. ఈ ఫలితమునందు రెండు పక్షములవారికిని పాఠమున్నది. వేచియుండుట మూర్ఖత్వము కాదు. ఓర్వలేని నొప్పితో నెలల తరబడి కూలిపని మానుకొని కూర్చున్నవాడు శస్త్రచికిత్స కోరుట పిరికితనము కాదు.

చిన్నగాటు పద్ధతులలో తేడాలు తెలిసికొనవలెను. సూక్ష్మదర్శిని సాయముతో అంగుళము మించిన గాటుతో చేయునది మైక్రోడిసెక్టమీ. సన్నని గొట్టము ద్వారా చేయునది ఒకటి. అంగుళములో మూడవ వంతు గాటులో దుర్భిణి దూర్చి చేయు ఎండోస్కోపీ మరియొకటి. అన్నింటిలోను చేయునది నరమును ఒత్తుచున్న ముక్కను తీయుటయే. 2009లో 328 మందిపై జరిగిన పరిశోధనలో గొట్టపు పద్ధతి మామూలు మైక్రోడిసెక్టమీకంటె మేలని తేలలేదు. 2022లో 613 మందిపై వెలువడిన పరిశోధనలో ఎండోస్కోపీ పద్ధతి కాలినొప్పి తగ్గించుటలో మైక్రోడిసెక్టమీకి తీసిపోలేదు. కనుక గాటు కొలతకంటె చేయి తిరిగిన వైద్యుడు ముఖ్యము. చర్మముపై గాటు చిన్నదైనను లోపల నరము అదే, ప్రమాదమును అదే. ఏ పద్ధతిలోనైనను నూటికి ఐదు నుండి పదిమందికి అదే చోట డిస్కు మరల జారవచ్చును. శస్త్రచికిత్స కాలినొప్పిని తీర్చినంతగా నడుమునొప్పిని తీర్చదు.

ఒక్క గంటయు ఆగరాని లక్షణములు

ఇవి పాఠకులు కంఠస్థము చేయదగినవి. మూత్రము బిగిసిపోవుట లేక తెలియకుండ జారుట. మలముపై అదుపు తప్పుట. మలమూత్ర ద్వారముల చుట్టును తొడల లోపలి వైపునను స్పర్శ తెలియకుండుట. రెండు కాళ్ళును బలహీనపడుట. ఇవి కనబడిన రోగిని ఆ క్షణమే పెద్దాసుపత్రికి చేర్చవలెను. ఆలస్యమైన కొలది మూత్రముపై అదుపు శాశ్వతముగా పోవు ప్రమాదము పెరుగును. పాదము పైకి ఎత్తలేక నడకలో చెప్పు తెలియకుండ జారిపోవుచున్నచో అదియు తొందరపడవలసిన లక్షణమే. ఇట్టి రోగిని కటివస్తి పేరిట పక్షము దినములు నిలుపుకొను వైద్యుడు ఆయుర్వేదమునకు మేలు చేయుటలేదు. పక్వమైన గుల్మములో అధికారము శల్యవేత్తలైన ధాన్వంతరీయులదేనని కాయచికిత్సకు ఆచార్యుడైన చరకుడే చెప్పెను. తన హద్దు తెలిసికొనుట మన శాస్త్రములోని పాఠమే.

వేచియుండు వారములలో

ఈ లక్షణములు లేనివారు ఆరు వారములు నింపాదిగా చికిత్స పొందవచ్చును. తీవ్రనొప్పి ఉన్న ఒకటి రెండు దినములు విశ్రాంతి చాలును. పిమ్మట సమతలముపై కొద్దికొద్దిగా నడువవలెను. వంగి బరువులెత్తరాదు. ఏడెనిమిది పారిజాతపు ఆకులను రెండు గ్లాసుల నీటిలో చిన్నమంటపై అరగ్లాసు మిగులువరకు కాచి, వడగట్టి త్రాగుట ఈ వ్యాధికి ప్రసిద్ధమైన యోగము. వావిలాకును నువ్వులనూనెతో వెచ్చచేసి, గుడ్డలో మూటకట్టి నడుమునకు కాపడము పెట్టవచ్చును. తిమ్మిరెక్కి స్పర్శ లేనిచోట, మధుమేహుల పాదములకు కాపడము పెట్టరాదు, కాలినను తెలియదు. మలబద్ధకమును రానీయరాదు, ముక్కినప్పుడు డిస్కుపై ఒత్తిడి పెరుగును. ఈ యోగములు నొప్పిని, బిగువును తగ్గించుటకే. జారిన డిస్కును ఇవి లోపలికి లాగునని ఎవరు చెప్పినను నమ్మరాదు. ఎదురుకాళ్ళతో పుట్టినవారిచేత నడుము తొక్కించుకొను పాత అలవాటు డిస్కు రోగికి ముమ్మాటికి పనికిరాదు.

ఆరు వారములు గడచినను నొప్పి నిద్రపోనీయక, పని చేయనీయక బాధించుచున్నచో శస్త్రవైద్యుని సంప్రదించి నాలుగు ప్రశ్నలు అడుగుడు. నా నొప్పి, ఈ చిత్రము ఒకే నరమును చూపుచున్నవా? ఇంకను ఆగినచో నష్టమేమి? ఈ పద్ధతిలో మీరు ఎందరికి చేసితిరి? గాటు చిన్నదగుట వలన నాకు కలుగు లాభమేమి? వీనికి ఓపికతో బదులు చెప్పు వైద్యుడు దొరికినచో నిర్భయముగా అతని చేతిలో నడుము పెట్టవచ్చును. బదులు చెప్పక తేదీ మాత్రము నిర్ణయించువాని యొద్దనుండి నివేదిక తిరిగి తీసికొని, మరియొక వైద్యునికి చూపుడు.