నాలుగు బోల్టులు చాలునా?

పాత జీపు చక్రమునకు ఐదు బోల్టులుండును. వాటిలో ఒకటి విరిగినపుడు మనలో పలువురు పలుకు మాట ఒక్కటే: "ఇంకను నాలుగున్నవి గదా, నడువనిమ్ము." ఈ మాట సరికాదని నా అభిప్రాయము. కారణములు చెప్పెదను, మీరే విచారించి చూడుడు.

మహీంద్ర వారు 1940ల చివర నుండి విల్లీస్ జీపులను మన దేశములో కూర్చనారంభించిరి. ఆ తరపు బండ్లు నేటికిని కొందరి చేలలో, తోటలలో పనిచేయుచున్నవి. బండి దృఢమైనదే. కాని బోల్టు విషయములో మన అలవాట్లు మంచివి కావు.

చక్రము బరువును బోల్టులే మోయునని తలంతుము. నిజమునకు నట్టు బిగింపువలన రిమ్ము డ్రమ్మునకు గట్టిగా అదిమి పట్టబడును. ఆ పట్టే భారములో ఎక్కువ పాలు భరించును. నట్టు వదులైనచో రిమ్ము కదలును. చక్రము తిరిగిన ప్రతిసారి బోల్టు కొద్దిగా వంగి లేచును. తీగను అటునిటు వంచిన తెగునట్లే, కొన్నాళ్లకు బోల్టునకు బీట పుట్టి విరుగును. విరిగిన ముఖము చూడుడు. ఒక భాగము నల్లబడి, తక్కినది తళతళలాడుచున్నచో ఆ బీట పాతదే. మిగిలిన నాలుగును అదే బాధ పడినవి. వాటిలోను బీట ఉండవచ్చును. పైగా విరిగినదాని భారము కూడ ఇప్పుడు వాటిపై పడును. అందుచేత ఆ చక్రమునకు ఐదు బోల్టులును, నట్టులును కొత్తవి వేయించుట న్యాయము.

మరియొక కారణము కలదు. ఈ పాత జీపులలో ఎడమవైపు చక్రములకు ఎడమ మర ఉండును. అక్కడ నట్టును గడియారపు ముల్లు తిరుగు దిశలో త్రిప్పిన వదులగును. ఇది తెలియనివారు స్పానరుకు గొట్టము తొడిగి, దానిపై నిలబడి, విప్పుచున్నామనుకొని బిగించుచు బోల్టును విరుగగొట్టుదురు. చేతులు మారిన బండిలో భాగములు కూడ మారియుండవచ్చును గనుక, మర వాలును కంటితో చూచి త్రిప్పుడు.

విరిగిన మొండిపై వెల్డింగు చేయించరాదు. ఆ వేడికి ఉక్కు పదును చెడును. సాధారణ ఇనుప బోల్టును వేయుటయు ప్రమాదమే. కొన్ని హబ్బులలో బోల్టు అంచును డ్రమ్ముపై అణచి బిగించియుందురు. ఆ అంచును ముందుగా కోసి తీయక సుత్తితో మోదినచో రంధ్రము పెద్దదగును, కొత్త బోల్టు నిలువదు. కనుక హబ్బును విప్పించి, ప్రెస్సు ఉన్న వర్క్‌షాపులో మార్పించుడు.

దారిలో ఒకటి విరిగినచో మనుషులను దింపి, బరువు తీసివేసి, మిగిలిన నట్టులు సరిచూచి, మెల్లగా దగ్గరి వర్క్‌షాపు చేరుడు. రెండు విరిగినచో బండిని కదపవలదు.

కొత్తవి వేసిన పిమ్మట రిమ్ము, డ్రమ్ము కలియు చోట మట్టి, త్రుప్పు, రంగు లేకుండ తుడువవలెను. నట్టులను వరుసగాక, ఒకటి విడిచి ఒకటి చొప్పున రెండు మూడు విడతలుగా బిగింపుడు. గొట్టము తొడుగవలదు. 50 కిలోమీటర్లు నడచిన తరువాత మరల సరిచూడుడు.

ఖర్చు అందురా? కడశీల లేకుండ ఎడ్లబండి కట్టు రైతు మనలో లేడు. జీపు వెనుక ట్రైలరులో ధాన్యపు బస్తాలే కాదు, కూలికి వెళ్లు ఆడవారును, బడికి వెళ్లు పిల్లలును ఎక్కుదురు. పరుగులో చక్రము ఊడిన జరుగు నష్టముతో పోల్చిన, ఐదు బోల్టుల వెల ఎంత?

గ్రామ అధికారులకు ఒక మనవి. మీ ఆధీనములోని పాత వాహనమునకు నట్టులు సరిచూచిన తేదీని లాగ్ బుక్కులో వ్రాయించుడు. రైతు సోదరులు బండి తీయుటకు ముందు ప్రతి నట్టును ఒకసారి చేతితో తాకి చూచిన చాలును. చేతికి కదలిన నట్టు ఉన్న బండి ఆ పూట ఇల్లు కదలరాదు.