గ్రహశకలం వస్తోందట... ఎంత శాతం?

2032 డిసెంబరు 22. ఈ తేదీ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగింది. '2024 వైఆర్4' అనే గ్రహశకలం ఆ రోజు భూమిని ఢీకొట్టే ప్రమాదం ఉందని, అది పడే అవకాశమున్న దారిలో మన దేశం కూడా ఉందని వార్తలొచ్చాయి. నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లకి మీమ్స్ కొరతేముంటుంది? 'రిజల్ట్స్ కంటే ఇదే ముందొచ్చేలా ఉంది' అని నవ్వుకున్నాం. నెల తిరక్కుండానే 'ముప్పు తప్పింది' అన్నారు. అంతటితో మర్చిపోయాం.

కానీ అప్పుడు చాలామంది అన్న మాట ఒకటి ఉంది. 'ఈ సైంటిస్టులు ఇలాగే భయపెడతారు, తర్వాత ఏమీ లేదంటారు. వీళ్లకీ జోస్యం చెప్పేవాళ్లకీ తేడా ఏంటి?' ఇదే ప్రశ్న రేపు ఏ గ్రూప్ డిస్కషన్‌లోనో ఎదురైతే ఏం చెబుతారు? నా ఉద్దేశంలో తేడా చాలా ఉంది. అది తెలియకపోతే లెక్కనీ పుకారునీ ఒకే గాటన కట్టేస్తాం. కాబట్టి అసలేం జరిగిందో ఒకసారి చూద్దాం.

చిలీలో ఉన్న అట్లాస్ టెలిస్కోపు 2024 డిసెంబరు 27న ఈ రాయిని కనిపెట్టింది. తమాషా ఏంటంటే, అప్పటికి రెండు రోజుల ముందే అది భూమికి దగ్గరగా వచ్చి దాటిపోయింది. వెళ్లిపోతున్న రాయిని చూసి, మళ్లీ ఎప్పుడొస్తుందో లెక్క వేయడం మొదలుపెట్టారు. ఢీకొట్టే అవకాశం 1 శాతం దాటడంతో జనవరి 29న అంతర్జాతీయ హెచ్చరిక వ్యవస్థ అధికారికంగా సమాచారం ఇచ్చింది. ఫిబ్రవరి 18న నాసా లెక్కలో అది 3.1 శాతానికి చేరింది. ఆ సైజు రాయికి అంత ఎక్కువ శాతం నమోదు కావడం అదే మొదటిసారి. మర్నాడు 1.5 శాతం. ఫిబ్రవరి 24 కల్లా 0.004 శాతం.

వారాల తరబడి పెరిగిన అంకె వారంలోపే కుప్పకూలింది. అంటే మొదటి లెక్క తప్పనేగా? అక్కడే చాలామంది పొరబడ్డారు.

ఒక వీధి ఊహించుకోండి. అందులో 100 ఇళ్లు. కొరియర్ అబ్బాయి ఒక పార్సిల్‌తో వీధి మొదట్లోకి వచ్చాడు. ఎవరింటికో మీకు తెలీదు. మీ ఇంటికి వచ్చే అవకాశం వందలో ఒకటి, అంటే 1 శాతం. 'ఎడమవైపు ఇళ్లలో ఒకటి' అని అతనన్నాడు. మీది ఎడమవైపే. ఇప్పుడు 50లో ఒకటి, 2 శాతం. కొంచెం ముందుకొచ్చాక 32 ఇళ్లు మిగిలాయి, మీది ఇంకా అందులోనే ఉంది. 3.1 శాతం. ఇంకో నాలుగడుగులు వేసి మీ గేటు దాటిపోయాడు. సున్నా. ఇందులో ఏ దశలో లెక్క తప్పింది? ఎక్కడా తప్పలేదు. పార్సిల్ మీద అడ్రసు కూడా మధ్యలో మారలేదు. మారింది మీకు తెలిసిన సమాచారం ఒక్కటే.

గ్రహశకలం విషయంలోనూ ఇంతే. కొత్తగా కనిపెట్టినప్పుడు దాని కక్ష్య గురించి తెలిసింది తక్కువ. 2032లో అది ఎక్కడెక్కడ ఉండొచ్చో గీస్తే లక్షల కిలోమీటర్ల పొడవున్న గీత వస్తుంది. ఆ గీతలో భూమి ఒక చుక్క. టెలిస్కోపులు చూసేకొద్దీ గీత పొట్టిదవుతుంది. చుక్క ఇంకా లోపలే ఉంటే శాతం పెరుగుతుంది. గీత చివర చుక్కను దాటేసిందంటే శాతం పడిపోతుంది. ముందు పెరిగి ఆ తర్వాత పడిపోవడం మామూలేనని అంతరిక్ష సంస్థలు అప్పుడే చెప్పాయి కూడా. ఆ వాక్యం మాత్రం ఫార్వర్డ్ మెసేజ్‌లలో పెద్దగా కనిపించలేదు.

2004లో అపోఫిస్ కథా ఇదే. ఆ ఏడాది డిసెంబరులో, 2029 ఏప్రిల్ 13న అది ఢీకొట్టే అవకాశం 2.7 శాతం అన్నారు. ముప్పును సున్నా నుంచి 10 వరకు కొలిచే టొరినో స్కేలు మీద దానికి 4 వచ్చింది. ఇప్పటివరకూ ఏ రాయికీ అంత రాలేదు. కొత్త పరిశీలనలతో అది త్వరలోనే తగ్గిపోయింది. 2021లో రాడార్‌తో కొలిచాక, కనీసం వందేళ్ల పాటు దాంతో ముప్పు లేదని నాసా తేల్చేసింది.

ఇప్పుడు రెండోవైపు చూద్దాం. మీ తాతయ్యనో నానమ్మనో స్కైలాబ్ గురించి అడగండి. 1979లో అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం కూలిపోతోందని తెలిసి మన పల్లెల్లో ఎంత గోల జరిగిందో కథలు కథలుగా చెబుతారు. ఎలాగూ పోతాం కదా అని కోళ్లూ మేకలూ కోసుకుని తిన్నారని, దాచుకున్నదంతా ఖర్చు పెట్టేశారని. 2021లో దీని మీద తెలుగులో సినిమా కూడా వచ్చింది. దాదాపు 77 టన్నుల స్కైలాబ్ ఆ ఏడాది జులై 11న హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. అక్కడి ఎస్పరెన్స్ అనే ఊరి పాలకవర్గం మాత్రం, మా ఊళ్లో చెత్త వేశారంటూ నాసాకి 400 డాలర్ల జరిమానా రాసింది. సరదాకే అనుకోండి. స్కైలాబ్ కూలడం నిజం. అది సరిగ్గా మన ఊరి మీదే పడుతుందన్నది పుకారు. జనం ఆస్తులు ఖర్చు పెట్టుకున్నది రెండోదాన్ని నమ్మి.

అంతకుముందు 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి. గ్రహాలన్నీ మకర రాశిలో చేరుతున్నాయి, ప్రళయమే అన్నారు. దేశమంతటా యజ్ఞాలు జరిగాయి. ఆ తర్వాత 2012 డిసెంబరు 21, మాయన్ క్యాలెండర్. అది మీలో చాలామందికి చిన్నప్పటి సంగతి. ఇక మన దగ్గర ఏ విపత్తు వచ్చినా 'బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు' అనే వీడియో సాయంత్రానికల్లా రెడీ. ఆయన మీద నాకు గౌరవమే. జరిగిపోయాక ఆయన పేరు వాడుకునేవాళ్లతోనే పేచీ.

ఇప్పుడు పోల్చండి. 1962 ఫిబ్రవరి వెళ్లిపోయాక, 'మా లెక్క ఇక్కడ తప్పింది, సవరించిన అంకె ఇది' అని జోస్యం చెప్పినవాళ్లలో ఎవరైనా లెక్క బయటపెట్టారా? వైఆర్4 విషయంలో నాసా, యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ వేర్వేరుగా లెక్కలు వేసి, కొత్త పరిశీలన వచ్చినప్పుడల్లా ఎవరైనా చూసుకునేలా వెబ్‌సైట్లలో పెట్టాయి. అంకె మారిందని మనం వాళ్లని ఎగతాళి చేశాం. నిజానికి వాళ్లని నమ్మడానికి కారణమే అది. సాక్ష్యం మారినప్పుడు మారే అంకెని నేను నమ్ముతాను. ఏం జరిగినా మారని జోస్యానికి నా దగ్గర విలువ లేదు.

అలాగని 'ఇవన్నీ ఉత్తివే' అని కొట్టిపారేయడమూ కుదరదు. 2008 అక్టోబరు 6న ఓ చిన్న రాయి కనిపించింది, సుమారు 4 మీటర్లది. ఒక్క రోజులోపే సూడాన్ మీద పడుతుందని లెక్క వేశారు. అక్కడే పడింది. తర్వాత ఆ ఎడారిలో ముక్కలు కూడా దొరికాయి. 2013 ఫిబ్రవరి 15 ఇంకా విచిత్రం. ఆ రోజు ఒక గ్రహశకలం దాదాపు 27,700 కిలోమీటర్ల దూరం నుంచి వెళ్తుందని ముందే తెలిసి ఖగోళ శాస్త్రవేత్తలంతా దాని కోసం చూస్తున్నారు. సరిగ్గా అదే రోజు, దీంతో ఏ సంబంధమూ లేని ఇంకో రాయి రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద ఆకాశంలో పేలింది. సుమారు 20 మీటర్లది, సూర్యుడి వైపు నుంచి వచ్చింది కాబట్టి ఎవరికీ కనిపించలేదు. దాదాపు 1,500 మంది గాయపడ్డారు. ఎక్కువమందికి గాయాలైంది రాయి తగిలి కాదు, కిటికీ అద్దాలు పగిలి. మెరుపు చూసి ఏంటా అని కిటికీ దగ్గరకి వెళ్లినవాళ్లున్నారు. ధ్వని తరంగం వెనకాల వచ్చింది.

దీన్నిబట్టి ఒకటి అర్థమవుతుంది. పేరు, తేదీ, శాతం ఉన్న రాయి అంటే ఎవరో దాని మీద కన్నేసి ఉంచారని అర్థం. నాకైతే పేరు లేనివాటి గురించే ఎక్కువ ఆలోచన. భూమి దగ్గరికి వచ్చే గ్రహశకలాల్లో కిలోమీటరు పైబడినవాటిలో 95 శాతానికి పైగా కనిపెట్టేశారు. ప్రపంచాన్ని అతలాకుతలం చేయగలిగేవి అవే. 140 మీటర్లు పైబడినవాటిలో సగం కూడా ఇంకా దొరకలేదు. వాటి మీద ఫార్వర్డ్‌లు రావు, ఎందుకంటే ఫార్వర్డ్ చేయడానికి పేరే లేదు. ఇక వైఆర్4 సుమారు 60 మీటర్లది. అది పడినా ఒక నగరానికి ప్రమాదం. ప్రపంచం అంతం అన్న మాట మొదటి రోజు నుంచే అబద్ధం. డైనోసార్ల కాలాన్ని ముగించిన రాయి 10 కిలోమీటర్ల స్థాయిది.

మరి హెడ్డింగ్స్ ఎందుకలా ఉంటాయి? నేనూ బ్లాగ్ రాసేవాణ్ణే, ఆ వంటిల్లు తెలుసు. 'దూసుకొస్తున్న' అన్న ఒక్క మాట చేరిస్తే క్లిక్కులు పెరుగుతాయి. 'ప్రమాదకర గ్రహశకలం' అని రాస్తే అబద్ధం కూడా కాదు. శాస్త్రంలో అదొక వర్గం పేరు. సుమారు 140 మీటర్లకు మించి ఉండి, దాని కక్ష్య భూ కక్ష్యకి 75 లక్షల కిలోమీటర్ల లోపలికి వస్తే ఆ ముద్ర వేస్తారు. చంద్రుడు ఉన్నది 3.84 లక్షల కిలోమీటర్ల దూరంలో. అంటే చంద్రుడికి 19 రెట్ల దూరంలో పోయే రాయికి కూడా ఆ పేరు ఉండొచ్చు. దూరం రాయకుండా 'విమానమంత సైజు' అని మాత్రమే రాసిన వార్త కనిపిస్తే, దాన్ని అక్కడితో వదిలేయొచ్చు.

'నమ్మేలా ఉందా' అన్నది కూడా పరీక్ష కాదు. ఇవి వినండి. సినిమాల్లో రాళ్ల మధ్య నుంచి ఓడలు వంకర్లు తిరుగుతూ వెళ్లే గ్రహశకలాల పట్టీ మొత్తాన్ని ఒక ముద్ద చేసినా మన చంద్రుడి బరువులో 3 శాతం ఉంటుంది. రోజూ దాదాపు 50 టన్నుల అంతరిక్ష ధూళి, రాళ్లు భూమి మీదకి వస్తూనే ఉంటాయి. మన పక్కనే మహారాష్ట్రలో, బుల్దానా జిల్లాలోని లోణార్ సరస్సు ఉల్క పడి ఏర్పడిన గొయ్యే, దాదాపు 1.8 కిలోమీటర్ల వెడల్పు. 2022 సెప్టెంబరు 26న నాసా డార్ట్ అనే వ్యోమనౌకతో డైమార్ఫస్ అనే బుల్లి గ్రహశకలాన్ని కావాలనే గుద్దించి, దాని పరిభ్రమణ సమయాన్ని సుమారు అరగంట తగ్గించింది. నలుగురిలో చెబితే 'ఇదీ వాట్సాప్ కథేనా' అంటారు. అన్నీ నిజాలే. అష్టగ్రహ కూటమి మాత్రం 1962లో చాలామందికి సహజంగా, నమ్మదగ్గదిగా అనిపించింది.

ఈ పేజీ చదివే మీకు రాళ్లతో పనేంటి అంటారా? మీ ఇన్‌బాక్స్‌లోకి రోజూ వచ్చే జోస్యాలు చూడండి. 'ఇంకో ఐదేళ్లలో ఏఐ కోడింగ్ ఉద్యోగాలన్నీ తినేస్తుంది', 'ఈ కోర్సు చేస్తే 100 శాతం ప్లేస్‌మెంట్'. మొదటిదాన్ని నమ్మి ప్రిపరేషన్ ఆపేసేవాళ్లున్నారు, రెండోదాన్ని నమ్మి అప్పు చేసి ఫీజు కట్టేవాళ్లున్నారు. స్కైలాబ్ ఏడాది మేకలు కోసుకున్నవాళ్లని చూసి నవ్వే హక్కు మనకుందా? ఫీజు కట్టే ముందు అడగండి. ఎంతమందిలో 100 శాతం? చేరినవాళ్లందరిలోనా, చివరి టెస్టు పాసైనవాళ్లలోనా? ఏ ఏడాది లెక్క? తప్పైతే ఏం చేస్తారో రాసి ఇస్తారా? ఏఐ గురించి చెప్పేవాళ్లనీ అడగండి, పోయినేడాది ఏం చెప్పారు, ఇప్పుడు ఎంత సవరించారు అని.

ఇంటర్వ్యూలో ఎవరైనా '3.1 నుంచి 0.004కి పడింది కదా, సైంటిస్టులు తప్పు చేసినట్టేనా' అంటే మీకిప్పుడు కొరియర్ అబ్బాయి ఉన్నాడు. పనిలో పనిగా ఇంకో మాట చేర్చండి. 3.1 శాతం చిన్నదేమీ కాదు. ప్రతి వంద విమానాల్లో మూడు కూలతాయంటే మీరు ఎక్కుతారా? అందుకే జేమ్స్ వెబ్ టెలిస్కోపుని సైతం ఆ రాయి వైపు తిప్పారు. భయపడాల్సినంత కాదు గానీ, పని మొదలుపెట్టాల్సినంత పెద్ద అంకె అది.

అసలు సీజన్ ముందుంది. 2029లో అపోఫిస్ భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరం నుంచి వెళ్తుంది. మన టీవీ ప్రసారాలు మోసే ఉపగ్రహాలు ఉండే ఎత్తు 36 వేలు. వాటికంటే దగ్గరన్నమాట. యూరప్, ఆఫ్రికాల్లో టెలిస్కోపు లేకుండానే కనిపిస్తుంది. అప్పటికి మీలో చాలామంది ఏదో ఒక ఉద్యోగంలో ఉంటారు, ఆఫీసు గ్రూపుల్లో 'శుక్రవారం, 13వ తేదీ, ప్రళయం' అనే మెసేజ్‌లు కుప్పలుగా వస్తాయి. పంపినవాళ్లకి ఒకటి చెప్పండి. అది భూమికి అతి దగ్గరగా వచ్చేది మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున 3 దాటాక. మనకి అప్పటికే శనివారం, 14వ తేదీ.